తెల్లబోయిన కుందేలు

మేము మిన్నెసోటాకి వచ్చిన మొదటి ఏడాది, అక్టోబరు నెలలో, పక్కింటి పెద్దాయన నన్ను కంచె దగ్గరికి పిలిచి చలికాలం గురించి గంటసేపు పాఠం చెప్పారు. కారు బ్యాటరీ కొత్తది వేయించుకోమన్నారు. ట్రంకులో ఒక పార, ఒక దుప్పటి, ఒక ఇసక సంచి పడేసుకోమన్నారు. ఇంట్లో నీళ్ళ గొట్టాలు గడ్డకట్టకుండా ఏం చెయ్యాలో చెప్పారు. అన్నీ అయ్యాక, "మీరే కాదు, ఇక్కడ కుందేళ్ళు కూడా కోటు మార్చుకుంటాయి. డిసెంబరు వచ్చేసరికి పాలలా తెల్లగా అయిపోతాయి" అన్నారు. విజయవాడ నించి వచ్చినవాణ్ణి, నాకది కాకమ్మ కథలా వినిపించింది. అయినా మా పెరట్లో తిరిగే కుందేలుని ఆ శీతాకాలమంతా వంటింటి కిటికీలోంచి కనిపెడుతూనే ఉన్నాను. నవంబరు పోయింది, డిసెంబరు పోయింది, సంక్రాంతి కూడా వెళ్ళిపోయింది. మోకాలి లోతు మంచులో అది మట్టి రంగులోనే కూర్చుని, మా ఆవిడ ముచ్చటపడి నాటుకున్న గులాబీ కొమ్మల బెరడు కొరుక్కు తింటూ ఉంది. పెద్దాయన నన్ను ఆటపట్టించారని తీర్మానించేసుకున్నాను. ఆ తరవాత ఎవరు ఈ మాట ఎత్తినా, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే పెద్దమనిషిలా, "మా పెరట్లో కుందేలు మారలేదండీ" అని వాదించేవాణ్ణి.

ఆయన చెప్పింది నిజమే. నేను చూసిన కుందేలే వేరు. తెలుగులో మనం అన్నిటినీ కుందేలనే అంటాం గానీ, ఇంగ్లీషులో రాబిట్ వేరు, హేర్ వేరు. మన ఇళ్ళ వెనక తోటకూర మొక్కల్ని బతకనివ్వనిది రాబిట్టు. తోక దూదిపింజలా ఉంటుంది కాబట్టి దాన్ని కాటన్‌టెయిల్ అంటారు. దాని పిల్లలు కళ్ళు మూసుకుని, ఒంటిమీద బొచ్చు లేకుండా పుడతాయి. హేర్ పిల్లలు పుడుతూనే కళ్ళు తెరిచి, ఒంటినిండా బొచ్చుతో ఉంటాయి. మన ఊళ్ళలో చేలగట్ల మీద ఒక్క ఉదుటున లేచి పారిపోయే చెవులపిల్లి ఈ హేర్ కోవలోదే. పక్కింటాయన చెప్పినది స్నోషూ హేర్ అనే జాతి. మంచులో దిగబడిపోకుండా మనుషులు కాళ్ళకి కట్టుకునే వెడల్పాటి చట్రాలని స్నోషూలంటారు గదా. దీని వెనక పాదాలు అలా వెడల్పుగా, అడుగున ఒత్తుగా బొచ్చుతో ఉంటాయి. అది మనలాగా నగరాల్లో ఉండదు. మిన్నెసోటాలో దాన్ని చూడాలంటే ఉత్తరాన స్ప్రూస్, ఫర్ చెట్ల అడవుల్లోకి వెళ్ళాలి.

నేను దాన్ని కళ్ళారా చూసింది 2023 డిసెంబరు ఆఖరి వారంలో. పిల్లలకి సెలవులని మా అమ్మాయి, అల్లుడు, మనవడు, మేమిద్దరం కలిసి సుపీరియర్ సరస్సు పక్కనున్న నార్త్ షోర్‌లో ఒక క్యాబిన్ అద్దెకి తీసుకున్నాం. ఆ ఏడాది మిన్నెసోటాలో ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. క్రిస్మస్ రోజున మంచు పడాల్సిన చోట వాన పడింది. మనవడి కోసం కొత్తగా కొన్న స్లెడ్ కారు మీదనించి దింపనే లేదు. మర్నాడు పొద్దున్నే వాడూ నేనూ అడవిలో కాలిబాట వెంట నడుస్తున్నాం. నేలంతా ఎండుటాకులూ, తడిసిన నాచూ. ఇరవై అడుగుల దూరంలో ఒక చెట్టు మొదట్లో తెల్లగా ఏదో కనిపించింది. "తాతయ్యా, ఎవరో ప్లాస్టిక్ సంచి పారేశారు" అన్నాడు వాడు. చెత్త ఎక్కడ కనిపించినా ఏరమని బళ్ళో నేర్పారు వాడికి. తీద్దామని నాలుగడుగులు వేశాడు. సంచికి రెండు చెవులున్నాయి. చెవుల చివర సన్నటి నల్ల అంచు. నల్లటి కన్ను ఒకటి మమ్మల్నే చూస్తోంది.

అది కదల్లేదు. ఇంకో రెండడుగులు వేసినా కదల్లేదు. దాని లెక్కలో అది తెల్లటి మంచులో తెల్లగా కలిసిపోయి కూర్చుంది. మేము దాన్ని చూడలేము. ఆ గోధుమరంగు అడవి మొత్తానికి దీపం పెట్టినట్టు కొట్టొచ్చినట్టు కనపడుతున్నది అదొక్కటే. తెల్లబోవడం అనే మాట మనం రోజూ వాడుతూనే ఉంటాం గానీ, దాని అర్థం నాకు ఆ పొద్దున తెలిసినంతగా ఎప్పుడూ తెలియలేదు. పది అడుగుల దూరం దాకా వెళ్ళాక ఎగిరి పొదల్లోకి దూకింది. పొదల్లో కూడా కనపడుతూనే ఉంది.

ఇంటికి తిరిగొచ్చాక ఆ కుందేలు నన్ను వదల్లేదు. లైబ్రరీ పుస్తకాలూ, యూనివర్సిటీల పరిశోధన పత్రాలూ సంపాదించి చదివాను. రిటైరైనవాడికి ఇంతకంటే ఏం పని? చదివినదాంట్లో నాకు బాగా అర్థమైన మేరకు ఇక్కడ రాస్తున్నాను.

మొదటి సంగతి: కుందేలు బొచ్చు రంగు మారదు. వెంట్రుక ఒకసారి చర్మం దాటి బయటికి వచ్చాక దాంట్లో ప్రాణం ఉండదు, కొత్తగా రంగు ఎక్కదు, ఉన్న రంగు వెనక్కి పోదు. మన జుట్టు నెరవడం కూడా అంతే. నల్ల వెంట్రుక తెల్లబడదు, దాని స్థానంలో రంగు లేని వెంట్రుక మొలుస్తుంది. (ఆ విషయంలో మనం చేసుకునే సర్దుబాట్లు వేరే కథ. తానా సభలకి వెళ్ళే ముందు వారం ఏ ఇండియన్ కొట్లోనూ హెన్నా పొట్లం దొరకదు.) కుందేలు ఏడాదికి రెండుసార్లు పాత బొచ్చు రాల్చి కొత్తది మొలిపించుకుంటుంది. వేసవి బొచ్చులో వెంట్రుక మొదట్లో ఉండే కణాలు రంగు పోసి పంపిస్తాయి. చలికాలపు బొచ్చు మొలిచేటప్పుడు ఆ కణాలు పని ఆపేస్తాయి. తెలుపనేది వేరే ఒక రంగు కాదు, రంగు లేకపోవడమే. వెంట్రుక లోపల ఉండే గాలి గదుల మీద వెలుతురు పడి చెదరడం వల్ల మన కంటికి అది తెల్లగా కనిపిస్తుంది, మంచు రవ్వలు తెల్లగా కనిపించినట్టే.

చలికాలపు కోటు ఒక్క దాక్కోవడానికే కాదు. అది ఒత్తుగా, పొడుగ్గా ఉంటుంది. వేసవి బొచ్చు కంటే ఇది పావు వంతుకు పైగా ఎక్కువ వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుందని కొలిచినవాళ్ళు చెప్పారు. స్నోషూ కుందేలు మహా అయితే మూడు నాలుగు పౌన్లు తూగుతుంది. బొరియ తవ్వుకోదు. సున్నాకి ఇరవై ముప్ఫై డిగ్రీల ఫారెన్‌హీట్ కింద కూడా ఆరుబయట, ఏదో కొమ్మ కింద కూర్చునే రాత్రి వెళ్ళదీస్తుంది. మనం మూడు కోట్లు వేసుకుని మెయిల్‌బాక్సు దాకా వెళ్ళి రావడానికి గొణుక్కుంటాం.

మార్పు ఒక్క రాత్రిలో జరగదు. శరత్తులో పాదాలూ, చెవులూ, మొహమూ ముందు తెల్లబడతాయి. వీపు చివర్న. వసంతంలో ఈ వరస తిరగబడుతుంది. తలా వీపూ ముందు గోధుమరంగుకి వస్తాయి, పాదాలు ఆఖర్న. ఒక్కో మార్పుకీ ఇంచుమించు నలభై రోజులు పడుతుంది. ఆ నలభై రోజులూ మండలదీక్షలో ఉన్నట్టు అటూ ఇటూ కాని వేషంలో తిరుగుతుంది. మన పెరట్లో ఉడతలు కూడా ఏడాదికి రెండుసార్లు ఒంటి బొచ్చు మార్చుకుంటాయి, రంగులో పెద్ద తేడా ఉండదు కాబట్టి మనం గమనించం. ఎర్ర ఉడత చెవుల మీద చలికాలంలో చిన్న కుచ్చులు వస్తాయి, ఈసారి చూడండి.

రెండో సంగతి నన్ను బాగా ఆశ్చర్యపరిచింది. కోటు మార్చుకోవలసిన రోజు వచ్చిందని కుందేలుకి ఎవరు చెబుతారు? చలి చెబుతుందనుకున్నాను. మంచు పడడం చూసి మారుతుందనుకున్నాను. రెండూ కావు. 1943లో హార్వర్డ్‌లో చార్లెస్ లైమన్ అనే ఆయన ఈ కుందేళ్ళని గదుల్లో ఉంచి, దీపాలు వెలిగే గంటలని మార్చి చూశాడు. పగటి వేళని పొడిగిస్తే కుందేలు వేసవి బొచ్చు వేసుకుంది. తగ్గిస్తే, బయట ఏ కాలమైనా సరే, తెల్ల బొచ్చు వేసుకుంది. అంటే దాని పంచాంగం పగటి పొడుగు. చలి ఒక ఏడాది ముందొస్తుంది, ఒక ఏడాది వెనకొస్తుంది. పగటి పొడుగు మాత్రం ఏ ఏడాదికా ఏడాది అదే తేదీకి అంతే ఉంటుంది. డులూత్‌లో డిసెంబరు ఆఖర్లో పగలు ఎనిమిదిన్నర గంటలే. జూన్‌లో పదహారు గంటలకి దగ్గరగా ఉంటుంది. విజయవాడలో ఆ తేడా రెండు గంటలు దాటదు. ఉత్తరాన బతికే జంతువుకి ఇంతకంటే నమ్మకమైన గడియారం ఇంకోటి దొరకదు.

కంటిలో పడ్డ వెలుతురు మెదడుకి చేరి, అక్కడనించి పీనియల్ అనే చిన్న గ్రంథికి కబురు వెళుతుంది. రాత్రి చీకటి ఉన్నంతసేపూ ఆ గ్రంథి మెలటోనిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. రాత్రి పొడుగైతే మెలటోనిన్ కూడా ఎక్కువసేపు ఉంటుంది. దాన్నిబట్టి పిట్యూటరీ గ్రంథి ప్రొలాక్టిన్ అనే మరో హార్మోనుని తగ్గిస్తుంది. అది తగ్గితే చలికాలపు బొచ్చు, పెరిగితే వేసవి బొచ్చు. మెలటోనిన్ అనగానే మనవాళ్ళకి ఒక సీసా గుర్తొస్తుంది. హైదరాబాదు నించి తిరిగొచ్చి, రాత్రి రెండు గంటలకి కళ్ళు విప్పార్చుకు కూర్చున్నప్పుడు మందుల షాపులో కొని వేసుకునే మాత్ర అదే. దాన్ని 1958లో ఏరన్ లెర్నర్ అనే యేల్ యూనివర్సిటీ చర్మవైద్యుడు పశువుల పీనియల్ గ్రంథులనించి వేరుచేశాడు. ఆయన వెతుకుతున్నది నిద్రమాత్ర కోసం కాదు, చర్మం రంగుని మార్చే పదార్థం కోసం. కప్ప చర్మం మీద వేస్తే రంగు తేలికపడింది. 1969లో రస్ట్, మేయర్ అనే ఇద్దరు, వసంతంలో గోధుమరంగుకి తిరుగుతున్న వీజిల్ అనే జంతువులకి తేనెమైనంలో కలిపిన మెలటోనిన్‌ని చర్మం కింద పెట్టారు. వాటికి మళ్ళీ తెల్ల బొచ్చే మొలిచింది. పాపం, వాటి ఒంటికి ఇంకా రాత్రులు పొడుగ్గానే ఉన్నాయి మరి.

మా స్నేహితుల ఇంట్లో పిల్లల కోసం తెచ్చిన చిన్న హామ్‌స్టర్ ఒకటి ఉండేది. సైబీరియా మైదానాల జాతి. పెంపుడు జంతువుల కొట్లో దాన్ని వింటర్ వైట్ అని అమ్ముతారు. చలికాలంలో తెల్లగా అవుతుందని చెప్పి ఇచ్చారట. రెండేళ్ళు చూశారు, ఏమీ కాలేదు. కొట్టువాడు మోసం చేశాడని వాళ్ళు, నా అనుభవంతో నేను, ఇద్దరం కలిసి చాలాసార్లు నవ్వుకున్నాం. ఇప్పుడు తెలుస్తోంది. ఆ హామ్‌స్టర్ పంజరం ఉన్నది టీవీ గదిలో. రాత్రి పదకొండింటి దాకా ట్యూబులైట్లు వెలిగే ఇంట్లో దాని కళ్ళకి చలికాలం ఎక్కడ వస్తుంది? ఆ ఇంట్లో అది ఏడాది పొడుగునా జూన్ నెలలోనే బతికింది.

మంచు మాట వచ్చింది కాబట్టి వీజిల్ గురించి రెండు ముక్కలు. చూడ్డానికి మన ముంగిసకి తమ్ముడిలా సన్నగా, పొడుగ్గా, పొట్టికాళ్ళతో ఉంటుంది గానీ చుట్టరికం లేదు. మిన్నెసోటాలో మూడు రకాలున్నాయి. ఎలకల్ని వాటి బొరియల్లోకే దూరి పట్టేంత సన్నం. ఇక్కడి ఉత్తరాది వీజిళ్ళు చలికాలంలో నిలువెల్లా తెల్లబడతాయి. పెద్ద రకాలు రెంటికీ తోక చివర మాత్రం నల్లగానే ఉండిపోతుంది. ఇంత జాగ్రత్తగా ఒళ్ళంతా దాచుకుని, తోక చివర సిరా బొట్టు పెట్టుకున్నట్టు అదేమిటి? రోజర్ పావెల్ అనే శాస్త్రవేత్త బొమ్మ వీజిళ్ళని చేసి, తెల్లటి నేల మీద లాగుతూ, శిక్షణ ఇచ్చిన డేగల్ని వదిలి చూశాడు. 1982లో అచ్చయింది ఆ పని. మచ్చ లేని బొమ్మనీ, ఒంటిమీద మచ్చ ఉన్న బొమ్మనీ డేగ సులువుగా తన్నుకుపోయింది. పొడుగు తోక చివర మచ్చ ఉన్నప్పుడు మాత్రం గురి తప్పింది. డేగ చూపు నల్లచుక్క మీదికి పోతుంది, గోళ్ళు తోక మీద పడి జారిపోతాయి. మన ఇళ్ళలో చంటిబిడ్డకి దిష్టిచుక్క పెట్టడం ఇందుకేనని నేను అనను గానీ, మా అత్తగారు ఈ ముక్క విని "చూశావా!" అన్నారు. మూడో రకం మరీ చిన్నది, తోక కూడా మరీ పొట్టి. దానికి ఆ చుక్క లేదు. చూపు అక్కడికి పోయినా గోళ్ళు ఒంటిమీదే పడేటంత పొట్టి తోకకి చుక్క వల్ల ఏం లాభం?

ఈ తెల్ల వీజిల్ చర్మాన్నే ఎర్మిన్ అంటారు. యూరప్ రాజుల అంగీల మీద తెల్లటి బొచ్చులో వరసగా నల్లచుక్కలు చూసే ఉంటారు. ఒక్కో చుక్క ఒక్కో తోక. రాజుగారి భుజాల మీద ఎన్ని ప్రాణాలున్నాయో లెక్కపెట్టుకోవచ్చు.

ఇక నా కుందేలు దగ్గరికి వస్తాను. మంచు, పగటి పొడుగు రెండూ వేలఏళ్ళు జోడెద్దుల్లా కలిసి నడిచాయి. పగలు ఇంత తగ్గిందంటే ఇంకొన్ని రోజుల్లో మంచు పడుతుందని కుందేలు ఒంటికి తెలుసు. ఇప్పుడు ఆ జోడు విడిపోతోంది. మన పంచాంగంలో కూడా ఇలాంటిది ఒకటుంది. సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మనం సంక్రాంతి చేసుకునేది జనవరి 14న. ఒకప్పుడు రెండూ ఒక్కరోజే వచ్చేవి, అయనాంశ జరగడం వల్ల శతాబ్దాల మీద మూడు వారాలకి పైగా తేడా వచ్చింది. మనకి దానివల్ల నష్టమేమీ లేదు, అరిసెలు ఎప్పుడు తిన్నా అరిసెలే. కుందేలుకి మూడు వారాల తేడా అంటే ప్రాణం.

ఎంత నష్టమో మోంటానాలో లెక్కకట్టారు. స్కాట్ మిల్స్ అనే ప్రొఫెసరు, ఆయన దగ్గర చదువుకున్న మార్కెటా జిమోవా, మరికొందరు కలిసి సీలీ లేక్ అనే ఊరి చుట్టుపక్కల అడవుల్లో స్నోషూ కుందేళ్ళ మెడకి చిన్న రేడియో పట్టీలు కట్టి, వారం వారం వెతుక్కుంటూ వెళ్ళి, కుందేలు ఎంత మేరకు తెల్లగా ఉంది, దాని చుట్టూ నేల ఎంత మేరకు తెల్లగా ఉంది అని రాసుకున్నారు. మూడేళ్ళపాటు 148 కుందేళ్ళని చూసి 2013లో అచ్చువేశారు. మంచు ముందు పడ్డా, వెనక పడ్డా, కుందేళ్ళు బొచ్చు మార్చడం మొదలుపెట్టే తేదీ దాదాపు మారలేదు. మంచు ఎక్కువ కాలం నిలిచిన ఏడాది వసంతంలో మాత్రం మార్పు కాస్త నెమ్మదించింది. శరత్తులో ఆ పాటి వెసులుబాటు కూడా లేదు. మంచు రోజులు ఇలాగే తగ్గుతూ పోతే, ఈ శతాబ్దం చివరికి తెల్ల కుందేలు గోధుమరంగు నేల మీద చిక్కుకుపోయే రోజులు ఇప్పటికంటే నాలుగు నించి ఎనిమిది రెట్లు అవుతాయని వాళ్ళ అంచనా.

2016లో ఇంకో లెక్క వేశారు. నేల రంగుకి బొత్తిగా కలవని కుందేలు వారం గడిచి బతికి ఉండే అవకాశం, కలిసిన కుందేలుతో పోలిస్తే, 7 శాతం దాకా తగ్గిపోతుందట. ఏడే కదా అనిపిస్తుంది. ఇది చక్రవడ్డీ లెక్క. వారానికి ఏడు చొప్పున నాలుగు వారాలు వేసుకుంటే నూటికి పాతిక. లింక్స్ అనే అడవి పిల్లి, కయోటీ, గుడ్లగూబ, డేగ, అన్నిటికీ కుందేలే కూడు. ఈ కుందేళ్ళు ముసలితనంతో చనిపోవడం దాదాపుగా ఉండదు, ఏదో ఒక నోట్లోనే పోతాయి. ఆ నోరు ముందు వెతుక్కోవలసి వచ్చేది, ఇప్పుడు దూరంనించే కనపడుతోంది.

తెలివిగల జంతువే కదా, తెల్లగా ఉన్నప్పుడు మంచున్న చోటికి పోయి కూర్చోవచ్చు కదా, లేదా మనిషి దూరంగా ఉండగానే పారిపోవచ్చు కదా అని నేనూ అనుకున్నాను. అదీ చూశారు వాళ్ళు. కుందేలు తన రంగుకి తగ్గట్టు నడవడి మార్చుకుంటున్న దాఖలా కనపడలేదు. ఆ పొద్దున మా మనవడు పది అడుగుల దూరానికి వచ్చేదాకా అది ఎందుకు కదల్లేదో నాకు అప్పుడు అర్థమైంది. తాను ఏ రంగులో ఉన్నదీ దానికి తెలియదు.

మా ప్రాంతం సంగతి చెప్పాలంటే, పొరుగున విస్కాన్సిన్‌లో స్నోషూ కుందేళ్ళు ఉండే హద్దు 1980 నించీ దాదాపు 30 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగిందని అక్కడి పరిశోధకులు 2016లో చూపించారు. అడవులు తగ్గడం కంటే మంచు తగ్గడమే దీనికి పెద్ద కారణమని తేల్చారు. నేను కుందేలుని చూసిన ఆ శీతాకాలమే, డులూత్ దగ్గర జరిగే జాన్ బేర్‌గ్రీజ్ కుక్కబండ్ల పందెం మంచు లేక 2024లో రద్దయింది. పందేనికి వచ్చే ఏడాది ఉంటుంది.

కథ ఇక్కడితో అయిపోతే నేను ఈ ఉగాది సంచికకి ఇంత చేదు రాసి పంపేవాణ్ణి కాదు. పచ్చడిలో బెల్లం కూడా ఉండాలి. సియాటిల్ వైపు ఉన్న మనవాళ్ళు అక్కడి స్నోషూ కుందేలుని జనవరిలో చూస్తే గోధుమరంగులోనే కనపడవచ్చు. పసిఫిక్ తీరం దగ్గర, వాషింగ్టన్, ఓరెగన్ రాష్ట్రాల్లో, మంచు సరిగ్గా నిలవని చోట్ల ఈ జాతి కుందేళ్ళే చలికాలంలో కూడా తెల్లబడవు. బొచ్చు మార్చుకుంటాయి గానీ గోధుమరంగు తీసి గోధుమరంగే వేసుకుంటాయి. 2018లో వాటి జన్యువుల్ని చదివి చూస్తే, తేడా అంతా అగూటి అనే ఒక్క జన్యువు దగ్గర ఉంది. చలికాలపు బొచ్చు మొలిచేటప్పుడు ఆ జన్యువు గట్టిగా పనిచేస్తే రంగు ఆగిపోతుంది, మెత్తగా ఉంటే రంగు వస్తుంది. ఆ మెత్తటి రకం ఈ కుందేళ్ళ సొంతం కూడా కాదు. నల్లతోక జాక్‌రాబిట్ అనే వేరే జాతితో ఎప్పుడో వేలఏళ్ళ కిందట జరిగిన సంకరంలో వచ్చి చేరింది. వర్ణసంకరమని మన పెద్దలు భయపడ్డ మాట, ఇక్కడ ఒక జాతికి వరమై కూర్చుంది.

ప్రపంచం మొత్తం మీద చలికాలానికి తెల్లబడే పక్షులూ జంతువులూ కలిపి 21 జాతులని లెక్క. వాటిల్లో కొన్నిటికి ఇలా రెండు రకాలూ కలిసి బతికే ప్రాంతాలున్నాయి. అక్కడ మంచు తగ్గుతున్నకొద్దీ గోధుమరంగు రకం ఎక్కువ బతికి, ఎక్కువ పిల్లల్ని కని, ఆ జన్యువు పక్క ప్రాంతాలకి పాకే అవకాశం ఉంది. ఇలాంటి ప్రాంతాలని చెడగొట్టకుండా, వాటి మధ్య అడవి తెగిపోకుండా చూసుకోవాలని మిల్స్ బృందం అదే 2018లో రాసింది. తీరం నించి మిన్నెసోటా దాకా పాకాలంటే దూరం చాలా ఉంది. కుందేలు తరం ఏడాదో రెండేళ్ళో కాబట్టి తరాలు త్వరగానే మారతాయి. మంచు ఎంత త్వరగా మారుతుందన్నది వేరే సంగతి.

2024 ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. ఆ వారాంతంలో మనవడు పట్టుబట్టి మళ్ళీ మమ్మల్ని ఆ క్యాబిన్‌కి తీసుకెళ్ళాడు. చెట్ల నీడల్లో అక్కడక్కడా మురికి మంచు మిగిలి ఉంది, మిగతాదంతా తడినేల. మొదటి రోజు ఏమీ కనపడలేదు. రెండో రోజు సాయంత్రం, బాట పక్కన పడిపోయిన మాను వెనకాల ఒకటి కనిపించింది. నుదురూ వీపూ గోధుమరంగు తిరిగాయి, చెవులూ పాదాలూ ఇంకా తెల్లగానే ఉన్నాయి. మావాడు ఈసారి దూరంగానే నిలబడ్డాడు. "తాతయ్యా, ఇది ఆ కుందేలేనా?" అని నా చెవిలో అడిగాడు. ఏమో, నాకేం తెలుసు అన్నాను. వీపు నేలలో కలిసిపోయి, నాలుగు తెల్ల పాదాలూ రెండు తెల్ల చెవులూ వాటంతట అవే నడుచుకుంటూ వెళుతున్నట్టుగా అది చెట్లలోకి వెళ్ళిపోయింది.